కాటిసీను లేని దయ్యాలు

ఇప్పటి దయ్యాల సీరియళ్ళు చూస్తుంటే నాకు భయం వెయ్యదు, కోపం వస్తుంది. మొదటి పది నిమిషాల్లో ఒక మనిషి పోతాడు. ఆ పోయినవాడు ఎవరి బిడ్డో, ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో, ఎవరు ఎవర్ని పట్టుకుని ఏడ్చారో ఒక్కటీ చూపించరు. శవం లేవకముందే తలుపు కిర్రుమంటుంది, కరెంటు పోతుంది, అద్దంలో జుట్టు విరబోసుకున్న ఆకారం కనపడుతుంది. చెవులు చిల్లులు పడే మోత ఒకటి. చూసేవాడు ఉలిక్కిపడతాడు. అంతటితో వాళ్ళ పని అయిపోయింది.

మా రోజుల్లో ఇట్టా కాదు. ఈ మాట నోట్లోంచి రాగానే నా మనవరాలు "మళ్ళీ మొదలెట్టావా తాతయ్యా" అంటుంది. అననీ. చెప్పవలసింది చెప్పే తీరాలి.

మిరపకాయలు గుంటూరు యార్డుకి తోలి, డబ్బు చేతికొచ్చి, పత్తి కంప పీకేసిన చేలు ఖాళీగా పడి ఉండే రోజులు మా వైపు నాటకాల రోజులు. మార్టూరు, పర్చూరు, ఇంకొల్లు, ఇటు చిలకలూరిపేట, అటు అద్దంకి, ఏ ఊళ్ళో చూసినా శ్రీరామనవమి పందిట్లోనో తిరునాళ్ళలోనో హరిశ్చంద్ర ఆడేది. రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు మా బాపట్ల వైపు మనిషి. గుంటూరులో ఉండి 1912 ప్రాంతంలో ఆ నాటకం రాశారు, తనే నక్షత్రకుడి వేషం కట్టారు. ఆ తర్వాత డి.వి. సుబ్బారావు గారు, చీమకుర్తి నాగేశ్వరరావు గారు ఆ హరిశ్చంద్రుడి కర్రా కంబళీ పట్టుకుని ఈ నల్లరేగడి నేలంతా తిరిగారు. వాళ్ళ పద్యాలు టేపులకెక్కి టీ కొట్లలో, మిరప టిక్కీలు మోసే లారీల్లో కూడా మోగాయి.

జనం రాత్రంతా నిద్ర ఆపుకుని కూర్చునేది కాటిసీను కోసం. చీకటి. పెట్రోమాక్సు దీపాలు కాస్త తగ్గిస్తారు. హార్మోనియం ఒక్కటే సన్నగా మోగుతుంటుంది. కాటికాపరిగా నిలబడ్డ రాజు. దర్భలు కోయబోయి పాము కరిచి చచ్చిన కొడుకును ఎత్తుకుని, కాటిసుంకం కట్టడానికి చిల్లిగవ్వ లేక వచ్చిన తల్లి చంద్రమతి. ఎవరో తెలియక అతను "సుంకం కట్టందే శవం కాలనివ్వను, మెడలో మంగళసూత్రం ఉందిగా, అది అమ్మి తెచ్చుకో" అంటాడు. ఆ సూత్రం కట్టుకున్నవాడి కంటికి తప్ప ఇంకెవరి కంటికీ కనపడదు. ఆ మాటతో ఆమె ఇతనే తన భర్త అని తెలుసుకుంటుంది. అంతకన్నా ఒళ్ళు జలదరించే ఘట్టం ఈనాటి సీరియల్లో ఒక్కటి చూపించండి నాకు. అక్కడ దయ్యం లేదు. స్మశానం ఉంది, చీకటి ఉంది, వాన ఉంది, నక్కల కూత ఉంది. భయం మాత్రం ఆ తల్లి ఒళ్ళో ఉన్న పిల్లవాడి దగ్గర్నుంచి పుడుతుంది.

ఆ సీనులో నటులు జాషువా గారి "స్మశానవాటి" పద్యాలు కూడా కలిపి పాడేవారు. బలిజేపల్లి వారి నాటకంలో లేని పద్యాలవి. జనం కలపమన్నారు, కలిశాయి, ఇక విడదియ్యడం ఎవరి వల్లా కాలేదు. రాజూ పేదా కవీ పసిబిడ్డా ఒకే మట్టిలో పడుకునే చోటు గురించి వినుకొండలో పుట్టిన దళిత కవి రాసిన పద్యాలు. ఆయన్ని పంక్తిలో కూర్చోనివ్వని ఊళ్ళలోనే ఆ పద్యాలకు వన్స్‌మోర్ మీద వన్స్‌మోర్. ఇది తల్చుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గూ గర్వమూ ఒకేసారి కలుగుతాయి. 1971లో ఆయన గుంటూరులో కన్నుమూశారు. పద్యాలు మాత్రం పందిళ్ళలో ఇంకా మోగుతూనే ఉన్నాయి.

అసలు విషయం వేదిక కింద ఉండేది. ముందు వరసలో చాపల మీద కూర్చున్న ఆడవాళ్ళలో ఆ ఏడు బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఒకరైనా ఉండేది. ఏ ఊళ్ళోనైనా ఉండేది, అప్పటి రోజులు అట్టాంటివి. చంద్రమతి శోకం మొదలవగానే ఆమె కూడా ఎత్తుకునేది. ఎవరూ ఊరుకోమనేవారు కాదు. వేదిక మీది మనిషి కూడా ఆ ఏడుపు విని రాగం ఇంకాస్త సాగదీసేవాడు, ఆమె ఏడుపు నెమ్మదించేదాకా తర్వాతి పద్యం ఎత్తుకునేవాడు కాదు. నేను కళ్ళారా చూశాను. పక్కనున్న ఆమె ఆ తల్లి తలను భుజానికి ఆనించుకుని కొంగుతో ముఖం తుడిచేది. తెల్లారాక ఇద్దరూ కలిసి చేలోకి పోయేవారు. నాటకం అయిపోయింది గదా అని ఆ దుఃఖం అయిపోయేది కాదు. కానీ ఊరంతా చూడగా ఏడ్చిన ఏడుపు మనిషిని లోపల్లోపల తినెయ్యదు.

పీడకల సంగతికొస్తే అదీ ఈ కథలో పాతదే. మారన తెలుగు చేసిన మార్కండేయ పురాణపు కథలో కాటికాపరి హరిశ్చంద్రుడికి నిద్రలో ఘోరమైన కల వస్తుంది, ఇంకా నీచమైన జన్మ ఎత్తి, ఇంకా బాధలు పడుతున్నట్టు. మేలుకుంటే కాడే. కలకూ మెలకువకూ తేడా తెలియని స్థితి. దుఃఖంలో ఉన్నవాడి నిద్ర ఎట్టా ఉంటుందో అన్ని వందల ఏళ్ళ కిందటే మనవాళ్ళకు తెలుసు. తెలుసు కాబట్టే మా ఊళ్ళలో ఒక పద్ధతి ఉండేది, ఇప్పటి పిల్లలకు చెబితే వింతగా చూస్తారు.

దాన్ని నిద్ర చెయ్యడం అనేవాళ్ళం. మనిషి పోయిన ఇంట్లో ఉన్నవాళ్ళను ఒంటరిగా పడుకోనిచ్చేవాళ్ళు కాదు. పెద్దకర్మ దాకా బంధువులు ఆ ఇంట్లోనే, వసారాలో, వాకిట్లో, పశువుల కొట్టం పక్కన చాపలేసుకుని పడుకునేవాళ్ళు. పెద్దకర్మ అయ్యాక భర్త పోయినామెను అన్నదమ్ముల ఇంటికి నిద్రకు తీసుకెళ్ళేవాళ్ళు. ఒక ఇంట్లో ఒక రాత్రి, ఇంకో ఇంట్లో ఇంకో రాత్రి. అర్ధరాత్రి ఆమె కలవరించి లేస్తే పక్కనున్న వదినో మేనత్తో "ఏమైందమ్మా, కలొచ్చిందా" అని మంచినీళ్ళిచ్చి, కల చెప్పించుకునేది. "ఆయన గడపలో నిలబడి అన్నం పెట్టమన్నాడు వదినా" అంటే "రేపు కాకికి ముద్ద పెడదాంలే, పడుకో" అనేది. అంతే. కలకు జవాబు తెల్లారేసరికి తయారు. కాకి వచ్చి ముద్ద ముట్టుకుంటే ఇంటిల్లిపాదికీ ఊపిరి ఆడేది. ఇందులో మూఢనమ్మకం ఎంతో నాతో వాదించేవాళ్ళు వాదించండి. అర్ధరాత్రి లేచిన మనిషికి పక్కన ఇంకో మనిషి ఉండటంలో మూఢనమ్మకం ఏముంది?

ఇంకా పెద్ద కట్టడి ఒకటుంది. మా పల్నాడులో కారెంపూడి వీరుల ఉత్సవం, కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు. రోజుకొక ఘట్టం: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళ కిందట అన్నదమ్ములు కొట్టుకుని చచ్చిన యుద్ధానికి ఇప్పటికీ ఏటేటా ఆయుధాలు కడిగి, ఊరేగించి, ఆవేశాలు వచ్చి నేలకొరుగుతారు. చనిపోయినవాళ్ళను తల్చుకోవడానికి క్యాలెండర్లో అయిదు రోజులు కేటాయించిన నేల ఇది. ఇలాంటి నేల మీద పుట్టిన పిల్లలు చావును గబగబా దాటించే కథలు తీస్తుంటే కోపం రాక ఏమొస్తుంది?

మరి మా రోజుల్లో అన్నీ మంచివేనా అంటే అట్టా అనను. 1987-88 మా వైపు ఎవరూ మర్చిపోలేరు. తెల్లదోమ ఏడు. అంతకుముందు ఏళ్ళలో పత్తి బంగారం పండింది, ఎకరాలకెకరాలు కౌలుకు తీసుకుని వేశారు. పురుగు కనపడితే మందు, కనపడకపోతే ఇంకో మందు. ఆ మందులకు దోమను తినే పురుగులన్నీ చచ్చి దోమ మాత్రం మిగిలింది. ఆకు కింద తిరగేస్తే తెల్లటి పొడి కదులుతున్నట్టు ఉండేది. అది కార్చే జిగురు మీద మసి పట్టి చేలకు చేలు నల్లబడిపోయాయి. కాయ విచ్చుకున్నా పత్తి జిగురు పట్టి చేతికి అంటుకునేది. ఆ ఏడు గుంటూరు, ప్రకాశం రైతులు చేలో కొట్టవలసిన మందు తాము తాగారు. ఒక ఊరని కాదు.

ఆ రోజుల్లో మా బజారులో ఒకామె ఉండేది. భర్త ఆ ఏడే పోయాడు. ఆమెకు రోజూ ఒకే కల. అతను తెల్లవారుజామున స్ప్రేయరు వీపుకు తగిలించుకుని వాకిట్లో నిలబడి, "మందు చాల్లేదే, ఇంకో డబ్బా తెస్తా, డబ్బులియ్యి" అంటాడు. ఆమె బీరువా తెరుస్తుంది. అందులో పత్తి మాత్రమే ఉంటుంది, నల్లగా. మా ఆవిడకు ఈ కల ఎన్నిసార్లు చెప్పిందో. మా ఆవిడ విన్నది, ఇంకొకామె విన్నది, రాత్రిళ్ళు వంతులవారీగా వెళ్ళి ఆమె దగ్గర పడుకున్నారు. అప్పులవాళ్ళు వాకిట్లోకొచ్చి కేకలేస్తే ఆ ఆడవాళ్ళే అడ్డం నిలబడ్డారు. కొన్నాళ్ళకు కల మారింది. అతను స్ప్రేయరు లేకుండా వచ్చాడట, మాట్లాడకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడట. ఆ పొద్దున ఆమె ముఖం చూసి మా ఆవిడ ఇంటికొచ్చి ఏడ్చింది. నేను చదివిన కథల్లో, చూసిన సీరియళ్ళలో ఇంతకన్నా గుండె పట్టుకున్న కథ లేదు. దీన్ని ఏ టీవీవాళ్ళూ తియ్యలేదు.

చదివే కథల్లోకి భయం వచ్చింది 1980ల మొదట్లో, యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం" ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చినప్పుడు. బస్టాండులో పత్రిక కట్ట విప్పీ విప్పకముందే అమ్ముడుపోయేది. రంగనాయకమ్మ గారు దాన్ని దుమ్మెత్తిపోస్తూ పుస్తకమే రాశారు, చేతబడిని జనంలోకి ఎక్కిస్తున్నారని. ఆమె మాటలో బలం ఉంది. చేతబడి నెపంతో సాటి మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కానీ పాఠకుడిగా ఒకటి చెబుతాను. ఆ నవలలో నన్ను కూర్చోబెట్టింది చేతబడి కాదు. కూతురు కళ్ళముందే చిక్కిపోతుంటే ఏం చెయ్యాలో తెలియక కొట్టుకులాడే ఆ తల్లిదండ్రులు, శారదా శ్రీధరూ. వారం వారం ఆ పాప మంచం పక్కన మనల్నీ కూర్చోబెట్టాడు రచయిత. ఏడు రోజులు ఆగి తర్వాతి భాగం చదవడంలో ఒక లాభం ఉంది, మధ్యలో ఆ బాధ మనతో ఉంటుంది.

రేడియో కూడా అంతే. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది. రాత్రి నాటకం వేస్తే పది ఇళ్ళవాళ్ళు ఒక అరుగు మీద చేరేవాళ్ళం. అడుగుల చప్పుడు, గాలి, తర్వాత ఒక ఆడగొంతు. ఆకారం ఎవరికి వాళ్ళు ఊహించుకోవలసిందే. ఊహించుకునేవాడు తనకు పోయినవాళ్ళనే ఊహించుకుంటాడు, ఇంకెవర్ని ఊహించుకుంటాడు?

ఇక టీవీ. 1995లో ఈటీవీ వచ్చింది. కేబులు తీగలు చింతచెట్ల మీదుగా లాగారు. ఆ దశాబ్దం చివర్లో "అన్వేషిత" వచ్చింది, అచ్యుత్, యమున నటించారు. ఇప్పుడు ముప్పై ఐదూ నలభై ఏళ్ళ వయసున్నవాళ్ళను అడగండి, దాని మొదటి సంగీతం వినపడితే దుప్పట్లో దూరిన సంగతి చెబుతారు. మా ఇంట్లో టీవీ వసారాలో ఉండేది. పిల్లలు, పెద్దలు, చేలో నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్న కూలీలు, పక్కింటి ముసలమ్మ, అందరూ. భయం వేసిన చోట పిల్లలు నాయనమ్మ ఒళ్ళోకి పాకేవాళ్ళు. ప్రకటనలు వచ్చినప్పుడు ఆడవాళ్ళు కథ మీద పంచాయితీ పెట్టేవాళ్ళు, ఆ పిల్ల చేసింది తప్పా ఒప్పా అని. తమిళం నుంచి "మర్మదేశం" వచ్చినా ఇదే వరస. భయపెట్టే సీరియల్ అంటే నలుగురూ కలిసి భయపడేది. 2002లో అచ్యుత్ చిన్న వయసులోనే పోయాడు. ఆ వార్త విని మా బజారులో ఆడవాళ్ళు సొంత తమ్ముడు పోయినట్టు బాధపడ్డారు. వారం వారం ఇంట్లోకి వచ్చిన పిల్లవాడాయె.

ఇప్పుడు? ఎవరి గదిలో వాళ్ళు, ఎవరి ఫోనులో వాళ్ళు, చెవుల్లో ఆ బిరడాలు. మా మనవడు పట్టుబట్టి "దూత" చూపించాడు. 2023లో అమెజాన్‌లో వచ్చింది, విక్రమ్ కుమార్ తీశాడు, నాగచైతన్య విలేఖరి వేషం. విశాఖలో వాన, ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ వాన. పనితనం ఉంది, కాదనను. జరగబోయే చావు పేపరు ముక్కలో ముందే కనపడటం అనే ఆలోచన మంచిది. అయితే మొదట్లోనే అతని చిన్న కూతురు పోతుంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నా, ఇప్పుడు ఆ తండ్రిని చూడాలి, ఆ తల్లిని చూడాలి అని. కథ పరుగెత్తింది. తర్వాతి పేపరు ముక్క, తర్వాతి చావు, పోలీసులు. ఆ పాప కోసం ఏడవడానికి నాకు సరిపడా చోటు దొరకలేదు. "ఆగరా అబ్బాయ్, ఆ పిల్ల పెద్దకర్మ అన్నా కానివ్వరేంటి" అన్నాను. వాడు "తాతయ్యా, ఇది థ్రిల్లరు, ఆగకూడదు" అన్నాడు. ఎందుకు ఆగకూడదు? డి.వి. సుబ్బారావు గారు ఒక్క పద్యం మీద అంతసేపు ఆగితే పదివేలమంది కదల్లేదే!

"మా ఊరి పొలిమేర" 2021లో హాట్‌స్టార్‌లో వచ్చింది. పల్లెటూరి యాస, పల్లెటూరి ముఖాలు, బాగుంది. అందులోనూ చేతబడే. పల్లెటూరు అనగానే నిమ్మకాయలూ పసుపు బొమ్మలేనా? పల్లెటూళ్ళో మనిషి నిద్రలో ఉలిక్కిపడి లేవడానికి ఎన్ని కారణాలు ఉన్నాయో ఒక్క ఏడు మాతో ఉండి చూస్తే తెలుస్తుంది. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు పూతలో ఆ పురుగులు గుంపులుగా పాకుతుంటే పూత నిలవలేదు. నిండు తోటలు పీకి గట్టున పడేశారు. ఆ రాత్రుళ్ళు మా చుట్టుపక్కల ఎంతమంది నిద్రపోయారు? వాళ్ళ కలల్లోకి ఏమొచ్చింది? ఎవరన్నా వచ్చి అడిగారా?

చావింట్లోనూ తొందరే వచ్చిపడింది. ఫ్రీజరు పెట్టె వస్తుంది, అమెరికా నుంచి కొడుకు వచ్చేదాకా అందులో ఉంచుతారు, వాడు వచ్చిన మర్నాడే దహనం. మూడో రోజుకు అన్నీ కలిపి కానిచ్చేస్తున్నారు, సెలవు లేదని. పోయినాయన ఫోటో వాట్సాప్‌లో, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వంద. నాలుగో రాత్రికి ఇంట్లో మిగిలేది ఒక్క ముసలామె. నిద్ర చెయ్యడానికి ఎవరూ రారు. ఆమెకు నిద్ర పట్టక ఫోను తీస్తుంది. ఫోనులో ఏముంటుంది, తెల్లటి చీర కట్టుకున్న దయ్యం అరుపు. ఆమె ఇంట్లో నిజంగా ఒక మనిషి తక్కువయ్యాడు, ఆ కథ చెప్పేవాడు లేడు, ఆమె కథ వినేవాడూ లేడు. నాకు మండేది ఇక్కడ.

డబ్బు లేదనకండి, పనితనం లేదనకండి. ఒక్క నెలలో ఈ వేదికల మీద పెట్టే డబ్బుతో మా ఊళ్ళలో నూరేళ్ళు నాటకాలు ఆడించవచ్చు. రాసేవాళ్ళకు ఈ నేలలో కథలకు కరువా? నేను అడిగేది ఒక్కటే. తెల్లదోమ ఏటి కథ తియ్యండి. అయిదారు భాగాలు చాలు. మొదటి భాగమంతా చావిల్లే ఉండాలి, పాడె కట్టడం, తలకొరివి పెట్టే పన్నెండేళ్ళ పిల్లవాడి తడి పంచె, కల్లంలో ఆరబోసిన మిరపకాయల ఘాటుకు, ఏడుపుకు కలిసి వచ్చే దగ్గు, అన్నీ చూపించండి. రెండో భాగం నుంచి కలలు. స్ప్రేయరు తగిలించుకుని వాకిట్లో నిలబడేవాడు. అతన్ని వికారంగా చూపించకండి, ఉన్నవాడు ఉన్నట్టే, చొక్కా గుండీ ఒకటి ఊడి, అలిసిపోయి. చప్పుడు పెట్టకండి. స్ప్రేయరు పంపు కొట్టే టకటక ఒక్కటి చాలు, ఈ వైపు పుట్టినవాడెవడికైనా వెన్నులో వణుకు పుడుతుంది. బాకీవాడు పగలు వస్తాడు, భర్త రాత్రి వస్తాడు, ఆమెకు ఎవరంటే ఎక్కువ భయమో చూసేవాణ్ణి తేల్చుకోనివ్వండి. పక్కన పడుకోవడానికి వంతులు వేసుకున్న ఆ ఆడవాళ్ళను మర్చిపోకండి, వాళ్ళ మాటలు మా యాసలోనే ఉండాలి. వేషాలకు సినిమావాళ్ళ కోసం వెతకక్కర్లేదు, చంద్రమతి వేషం కట్టిన నటీమణులు గుంటూరులో, ఒంగోలులో ఇంకా ఉన్నారు, వెళ్ళి అడగండి. మధ్యలో ఒకసారైనా ఎక్కడో పందిట్లో కాటిసీను నడుస్తుండగా ఆమె చాప మీద కూర్చుని ఉండాలి, వన్స్‌మోర్ అన్నప్పుడు కెమెరా ఆమె మీద పద్యం అయ్యేదాకా కదలకుండా ఉండాలి.

ఆ కల ఇంకా నాకు గుర్తుంది, ఎవరన్నా వస్తే అక్షరం పొల్లుపోకుండా చెబుతాను. మా ఆవిడ ఉంటే ఇంకా బాగా చెప్పేది.